వాగుకు డాక్టరు చీటీ

న్యూ సౌత్ వేల్స్ లోతట్టున, మా పట్టణపు చర్చి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన పార్జెటర్‌కు దైవగ్రంథం ఒకటే: నిబంధనల పుస్తకం. అందులో దేవుడి ప్రస్తావన లేకపోవడం ఆయనకెన్నడూ లోటుగా తోచలేదు.

ఆ ఏడు పన్నెండో తరగతిలో నా దగ్గర లాటిన్ చదివినవారు ఐదుగురు. గొర్రెలు పెంచే కోయిల్ కూతురు టామ్సిన్ పద్యం చదివితే ఆ ప్రాచీన కవి మా గదిలోనే కూర్చున్నట్టుండేది. పాలకమండలి అధ్యక్షుడి కొడుకు లాక్లన్ ప్రౌజ్ ఆరేళ్లు చదివినా లాటిన్ తనను అంటకుండా కాపాడుకున్న ధీరుడు. ఇంటి నుంచి రాసి తెచ్చే వ్యాసాలను మాత్రం అతని ట్యూషన్ మాస్టారు అమోఘంగా రాసేవాడు.

సిడ్నీ విశ్వవిద్యాలయపు వసతిగృహంలో, మా బడి లాటిన్‌లో ప్రథములైన వారికి ఒక ఉచిత స్థానం ఉండేది. అది దొరికితేనే టామ్సిన్‌కు పైచదువు.

ఆగస్టులో వాగు పొంగింది. బడిలో జరిగిన రెండు పెద్ద పరీక్షలకు టామ్సిన్ రాలేకపోయింది.

“డాక్టరు చీటీ ఏదమ్మా?” అన్నాడు పార్జెటర్.

“నాకేం జబ్బు చేయలేదు సార్. వంతెన నాలుగు రోజులు నీళ్లలో ఉంది.”

“వాగు పొంగడం జబ్బు కాదుగా?”

“పోనీ, వాగుని తీసుకెళ్లి డాక్టరుకి చూపించమంటారా?”

రెండింటికీ సున్నాలు పడ్డాయి. ఇంటి వ్యాసాల బలంతో బడిలో మొదటి ర్యాంకు లాక్లన్‌ది, చివరిది టామ్సిన్‌ది.

“ర్యాంకుల జాబితా కింద సంతకం పెట్టేయండి మాస్టారూ, ఆ పిల్లకు రాష్ట్ర పరీక్ష ఉందిగా,” అన్నాడు పార్జెటర్. పెట్టాను.

ఇక ప్రభుత్వ వివేకం చూడండి. బడి వేసే మార్కులను అది నమ్మదు. బడి కట్టిన వరుసను మాత్రం నమ్ముతుంది. రాష్ట్ర పరీక్షలో ఆ తరగతికి వచ్చిన అత్యధిక మార్కును, ఎవరు సంపాదించినా సరే, బడి మొదటి ర్యాంకుకు కట్టబెడుతుంది. అత్యల్పాన్ని చివరి ర్యాంకుకు. అలా దక్కిన బడి మార్కుకూ సొంత పరీక్ష మార్కుకూ సగటే తుది మార్కు.

పరీక్షలో టామ్సిన్‌కు తొంభై ఆరు, లాక్లన్‌కు అరవై. తరగతిలో అవే అత్యధికం, అత్యల్పం. కనుక ఆమె తొంభై ఆరు అతనికీ, అతని అరవై ఆమెకూ బడి మార్కులయ్యాయి. ఇద్దరికీ తుది మార్కు డెబ్బై ఎనిమిది.

“నీ తొంభై ఆరు భలే పనికొచ్చిందే, థాంక్స్!” అన్నాడు లాక్లన్, నా ఎదుటే.

“నీ అరవై నా నెత్తిన పడిందిరా. మెడ విరుగుతోంది,” అంది టామ్సిన్.

తక్కిన ముగ్గురూ వీరికంటే తక్కువే. ఇద్దరు సమానమైతే బడి ర్యాంకు చూడాలని నిబంధన. వసతిగృహపు స్థానం లాక్లన్‌కు దక్కింది.

“ఆ డెబ్బై ఎనిమిది ఎవరి కష్టమో చూశారా?” అని పార్జెటర్‌ను నిలదీశాను.

“మార్కు మార్కే మాస్టారూ. దాని మీద పుట్టుమచ్చలుంటాయా? అయినా ర్యాంకుల కింద సంతకం మీదేగా!”



ఆ వారమే టామ్సిన్ ఉన్ని కత్తిరించే కొట్టంలో పనికి కుదిరింది. బడి బహుమతుల నాడు బైబిలు వాక్యపఠనం ఎప్పటిలాగే నాది. దొంగ తూకపు రాళ్లు వాడే వర్తకులపై ప్రవక్త కురిపించిన నిప్పుల మాటలను ఎంచుకున్నాను. మొదటి వరుసలో కూర్చున్న పార్జెటర్ కళ్లలోకి చూస్తూ ఒక్కొక్క మాటే చదివాను. ఆ నిప్పులో నా వాటా నాకు తగులుతూనే ఉంది.

ముగించగానే హాలంతటిలోకీ బిగ్గరగా “ఆమెన్” అన్నది ఆయనే.