కొత్త మానిటర్‌లో మసక

జయచంద్ర గుంతకల్లులో గూడ్సు రైళ్ళు నడిపే మనిషి. ఇంట్లో మాత్రం కూతురు ఆశ్రితతో కంప్యూటర్ మీద కారు పందేలాడి, ఓడిన ప్రతిసారీ తప్పు మానిటర్ మీదికి నెట్టేవాడు. ఆ పిల్ల గేమింగ్ పోటీల కోసం ముచ్చటపడి కొనుక్కున్న రెండు వందల నలభై హెర్ట్జ్ మానిటర్ అది, సెకనుకి అన్ని బొమ్మలు మారుస్తుంది. దాన్ని పట్టుకుని, మలుపు తిరిగితే చాలు బొమ్మ అలుక్కుపోతాందంటాడు. ఆశ్రితకి ఒళ్ళు మండింది.

ఈయన నోరు మూయించాలని ఆదివారం పొద్దున సెట్టింగుల్లోకి దిగింది. ఆ బొమ్మలు మారే వేగం, రిఫ్రెష్ రేట్, సరిగ్గానే ఉంది. ఓవర్‌డ్రైవ్ అనే, చుక్కల రంగు త్వరగా మార్చే సెట్టింగు పెంచితే కార్ల వెనక తెల్లటి నీడలు లేచాయి, మళ్ళీ తగ్గించింది. చివరికి మసక తగ్గించే మోడ్ పెట్టింది. అందులో తెర వెనక వెలుగు బొమ్మకీ బొమ్మకీ మధ్య ఆరి వెలుగుతుంది. తెర కాస్త చీకటిపడుతుంది గానీ పరిగెత్తే బొమ్మ గీసినట్టు కనబడుతుంది. కనబడింది కూడా. జయచంద్రకి మాత్రం అదే మసక.

పరీక్షకని తెర మీద అక్షరాలు పరిగెత్తించి, తాను గడగడా చదివేసింది. ఆయన కళ్ళు చికిలించి, కుర్చీ ముందుకు లాక్కుని, నిదానంగా పోనీమన్నాడు. వేగం తగ్గించింది. ఇంకా తగ్గించమన్నాడు. విసుగొచ్చి అక్షరాల్ని మొత్తానికే ఆపేసింది.

"ఇంగా అలుక్కుపోతాండాయి కదమ్మా. రవ్వంత నిలుపు."

ఆశ్రిత తెర వదిలి నాయన కళ్ళలోకి చూసింది. ఈ మధ్య నాయన పేపరు చదవడం మానేసినాడు, గ్లాసు బల్ల అంచున పెట్టి జార్చేస్తున్నాడు. అది చూసి అప్పుడు తాను నవ్వింది.

"నిలిపి శానాసేపైంది నాయనా."

ఆయన తెర మీద వేలు పెట్టి అక్షరాల్ని తడిమాడు. తర్వాత మెల్లగా బయటపెట్టాడు. ఎండాకాలం నుంచీ ఇంతేనట. ఇంజన్లో పక్కనుండే అసిస్టెంటు యేసన్న ప్రతి సిగ్నలు రంగూ పైకి పలుకుతాడు కాబట్టి, దాన్ని పట్టుకునే నెట్టుకొస్తున్నాడట. డాక్టరు దగ్గరికి పోతే ఇంజను దించేస్తారు, ఇంజను దిగితే తానింకెందుకూ పనికిరాడట.

అంతలో ఫోను మోగింది. డ్యూటీకి పిలుపు. అలవాటుగా ఫోను కోసం చెయ్యి చాచాడు.

"నీ కంటికి సిగ్నలు కనపడతాదా నాయనా?"

"దగ్గరికి పోతే కనపడతాది."

దగ్గరికి పోయినాక బ్రేకేసినా గూడ్సు బండి ఆగదని ఆ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. జయచంద్ర తానన్న మాట తానే విన్నాడు. మోగుతున్న ఫోనుని కూతురి చేతిలో పెట్టాడు.

"నేను రాలేనని నువ్వే చెప్పమ్మా. నాకు నోరు రాదు."