ఆర్డర్ బటన్

పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. మా ఆయన జనార్ధనరావు హాల్లోనే ఉన్నాడు. "చూడు, కస్టమరై ఉంటుంది" అన్నాడు పేపరు దించకుండా.

వెంకటనర్సమ్మ. వరంగల్‌లో ఏదో ఆఫీసులో టైపిస్టు. మా సైట్లో ఎప్పటినుంచో నైటీలు కొంటుంది. "మేడం, బొమ్మలు కానొస్తున్నయ్ గని ఆర్డర్ బటన్ కానొస్తలేదు. మా ఆఫీసుల పాత కంప్యూటరే ఉంటది మరి."

"ఇంట్లో లేదా అండీ?"

"ఉంది. గా కంప్యూటర్ మా పిల్లగాడిది, ముట్టనియ్యడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ సైటు కట్టింది నేనే. పెళ్ళికి ముందు నాచారంలో ఒక ఆఫీసులో మూడేళ్ళు ఇదే పని చేసి జీతం తీసుకున్నాను. ఉప్పల్లో కాపురం పెట్టాక, ఆయన మల్లాపూర్‌లో కుట్టించే నైటీల కోసం ఇంట్లో కూర్చుని చేశాను. "ఊరికే ఉండటం కన్నా నయం కదా" అన్నాడు. "మా కోడలికి కంప్యూటర్ కాలక్షేపం" అంటుంది అత్తగారు, వచ్చినవాళ్ళతో. నాలుగేళ్ళుగా ఇదే కాలక్షేపం. పోయిన నెల మరిది తేజేష్ సైటంతా తళతళలాడేలా మార్చాడు. పాత బ్రౌజర్లో పేజీ చెదిరి బటన్ మాయమవుతోందని మొదటిరోజే చెప్పాను. "ఇంకా అవి వాడేవాళ్ళు ఎంతమంది వదినా? వదిలేద్దాం" అన్నాడు. మా ఆయన తలూపాడు. ఎంతమందో వాళ్ళకు తెలీదు. ఫోన్లు ఎత్తేది నేను. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు. భోజనం గంటలో, ఎవరూ మార్చాలనుకోని కంప్యూటర్ ముందు కూర్చుని, తమకంటూ ఒకటి కొనుక్కునే ఆడవాళ్ళు. తేజేష్ వదిలేద్దామన్నది వాళ్ళనే.

ఆర్డర్లు సగానికి పడిపోయాయి. మల్లాపూర్‌లో కుట్టే రాణి ఫోన్ చేసింది. "అక్కా, రెండు మిషన్లు ఖాళీగున్నయ్. రేపటి సంది నన్ను రావొద్దంటరా ఏంది?"

ఆ మధ్యాహ్నమే కూర్చుని పాత బ్రౌజర్ల కోసం విడిగా కోడ్ రాశాను. వెంకటనర్సమ్మకు ఫోన్ చేసి చూడమన్నాను. "వచ్చింది మేడం" అంది. రెండు వారాల్లో ఆర్డర్లన్నీ తిరిగొచ్చాయి.

ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన మురిసిపోయాడు. "చూశావా అమ్మా, తేజేష్ డిజైన్ ఎలా అందుకుందో."

"బటన్ కనపడేలా నేను సరిచేశాను. అందుకే వచ్చాయి" అన్నాను పప్పు వడ్డిస్తూ.

"ఒక్క బటన్‌కే ఇంత గొప్పా?" అంది అత్తగారు.

తేజేష్ మొహం చిట్లించాడు. "పేజీ ఎందుకు బరువెక్కిందా అనుకున్నా. ఆ చెత్తంతా తీసేస్తాను. పాస్‌వర్డ్ ఇవ్వండి వదినా."

"ఇచ్చెయ్" అన్నాడు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా.

సైటుకు పేరు రిజిస్టర్ చేసిన రోజు గుర్తొచ్చింది. ఫారంలో యజమాని పేరు అడిగితే, నింపే ఓపిక లేక "ఏదో ఒకటి, నీ పేరే రాసెయ్" అన్నది ఈయనే. ఏటా దాన్ని రెన్యూ చేస్తున్నది నేనే. ఇన్నేళ్ళలో యజమాని ఎవరని ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

గిన్నె కింద పెట్టాను.

"ఇవ్వను" అన్నాను. "ఆ సైటు నాది. కావాలంటే మీరు వేరేది కట్టుకోండి."