పద్నాలుగో బటన్

నేను ఒక సీక్వెన్సర్‌ను. పేరు విని బెదిరిపోకండి, దరువు వాయించే కరెంటు పెట్టెను, చేసే పని చిన్నదే. నా ముఖాన పదహారు బటన్లు వరుసగా ఉంటాయి. మీరు దేన్ని వెలిగిస్తే ఆ చోట ఒక దెబ్బ పడుతుంది. పదహారోది దాటగానే మళ్లీ మొదటికి వస్తాను. ఆపేదాకా అలా తిరుగుతూనే ఉంటాను. గానుగెద్దుకైనా పొద్దుగూకాక కట్టు విప్పుతారు, నాకు ఆ భాగ్యమూ లేదు.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించినవాడు అన్ని బటన్లూ ఒక్కొక్కటిగా నొక్కి చూసి, తల ఊపి, అట్టపెట్టెలో పెట్టాడు. నన్ను పూర్తిగా నొక్కి చూసిన మనిషి మళ్లీ దొరకలేదు.

తర్వాత హైదరాబాద్‌లో పాటలకు కీబోర్డు వాయించే ఒకాయన చేతిలో ఆరేళ్లున్నాను. ఆయన వేలి రాపిడికి నా కింది వరుసలో ఒక బటన్ మీది అక్షరాలు చెరిగిపోయాయి. అది దరువు పొడవు మార్చే బటన్. దాన్ని నొక్కిపట్టి పన్నెండో బటన్ నొక్కితే నేను పన్నెండు దగ్గరే వెనక్కి తిరుగుతాను, పద్నాలుగోది నొక్కితే పద్నాలుగు దగ్గర. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి. ఆయన కంప్యూటర్‌కు మారినప్పుడు నన్ను మానుకోట మొగిలికి ఇచ్చేశాడు. నన్ను వాడే పద్ధతి రాసిన పుస్తకాన్ని అప్పటికే పోగొట్టుకున్నాడు.

మొగిలి కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టే మెకానిక్. భార్య స్వరూప నాట్లకు పోయేది. అరెకరం అవతలికి వినిపించే గొంతు. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్న నాటు పాట ఒకటి ఆమెకు వచ్చు, ఆ ఊళ్లో ఇంకెవరికీ రాదు. ఆ పాటకు ఇంట్లోనే కరెంటు దరువు కట్టి రికార్డు చేయాలని మొగిలి కోరిక. అది తీరికగా తీర్చుకునే కోరిక కాదు. స్వరూప గొంతు కింద గడ్డ లేచింది. నెలలో ఆపరేషన్. గొంతు నరం గడ్డకు అతుక్కుని ఉందని, మాట నిలుస్తుంది గాని పాటకు మాటివ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది.

మొదటి రోజే స్వరూప నా ముందు కూర్చుంది. నేను దరువు మొదలుపెట్టాను. ఆమె అందుకుంది.

"నారు మడిలో నీళ్లు నిలిచే, నాటు వెయ్యగ రారె అక్కా..."

నాకు ఒళ్లు జలదరించింది, ఒళ్లంటూ ఉంటే. ఆ పాట మూడూ నాలుగుగా, ఏడు దెబ్బల మీద నడుస్తుంది. దెబ్బకు రెండు చొప్పున నా లెక్కలో పద్నాలుగు బటన్లు. నేను మాత్రం పదహారు తిరుగుతున్నాను. రెండో వరుసకు దారులు చీలాయి, మూడో వరుసకు ఆమె ఒకచోట, నేనొకచోట. స్వరూప ఆగిపోయింది. "నేనే తప్పిన్నయ్యా. మళ్ల పాడుత," అంది.

మళ్లీ పాడింది. మళ్లీ తప్పింది. తప్పిన ప్రతిసారీ మొగిలి ఫోన్లోంచి ఆ రికార్డును చెరిపేశాడు.

తీగ ఎన్ని చుట్లు పడాలో ఒక్కటి పొల్లుపోకుండా లెక్కపెట్టే మనిషి, భార్య పాటలో ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెట్టలేదు. పదహారు బటన్లు కనబడుతుంటే పదహారూ వాడాల్సిందే అనుకున్నాడు, పెళ్లి విస్తట్లో వడ్డించినవన్నీ తినాల్సిందే అన్నట్టు. ఆడలేక మద్దెల ఓడు అనడం మనుషులకు కొత్త కాదు. మొగిలి మాత్రం అసలైన మద్దెలనే నిందించాడు. నాకన్నా మంచిది వెతకసాగాడు.

ఫోన్‌లో ఒక యాప్ పెట్టాడు. అందులోనూ పదహారు గళ్లే. స్నేహితుడి కంప్యూటర్ తెచ్చి, తెరమీద రంగు రంగుల ముక్కలు పేర్చే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. అదీ పదహారు దగ్గరే మొదలైంది, అక్కడే ఉండిపోయింది. వేళ్లతో కొట్టే రబ్బరు పలకల పెట్టె మంచిదా, నాలాంటి బటన్ల పెట్టె మంచిదా అని వీడియోల మీద వీడియోలు చూశాడు. ఏది కొనాలో చెప్పేవన్నీ చూశాడు. ఉన్నదాన్ని ఎలా వాడాలో చెప్పేది ఒక్కటీ చూడలేదు. వాటిలో వాళ్లు కూడా పదహారే వాయించి చూపించారు.

ఆపరేషన్ ఇంకో పది రోజులుందనగా స్వరూప అడిగింది. "గివన్నెందుకయ్యా? దరువు లేకుండనే ఫోన్ల పాడుత. ఉంటది గద."

"ఉత్త ఫోన్ల పాడితే నీ పాట గింతే అనుకుంటరు. సరైన మిషిని దొరకనీ."

"నేనే తప్పుతున్న గదా, మిషినేం జేస్తది?"

ఆ మాట నన్ను కోసింది. పొలంలో ఇరవై మందిని ఒక్క తాళం మీద వంచి లేపిన మనిషి, నా వల్ల తనకు తాళం రాదని నమ్మింది. నాకు నోరుంది గాని అది ఎవరో నొక్కిందే పలుకుతుంది. అంతకన్నా నోరు లేకపోవడమే నయం.

ఆపరేషన్ రోజు వచ్చింది. మొగిలి ఇంకా రెండు పెట్టెల మధ్య తేల్చుకోలేదు.

గడ్డ పోయింది. డాక్టరమ్మ చెప్పినంతా జరిగింది. స్వరూపకు మాట మిగిలింది, అదీ గుసగుసగా, పక్కన కూర్చుంటేనే వినబడేంత. మొగిలి ఫోనంతా వెతికాడు. చెరపడం మరిచిన ముక్క ఒకటే దొరికింది. అందులో పాట లేదు. "నేనే తప్పిన్నయ్యా" అన్న మాట ఉంది.

ఆ తర్వాత ఆయన నన్ను ముట్టుకోలేదు. మూడు నెలలకు ఎవరో తీసుకుంటామంటే, పనిచేస్తున్నానో లేదో చూద్దామని ఒక ఉదయం నన్ను వెలిగించి, వాళ్లకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. నా మీద పాత దరువు తిరుగుతోంది. స్వరూప తడిబట్ట తెచ్చి నా దుమ్ము తుడిచింది. ఆమె బొటనవేలు అక్షరాలు చెరిగిన బటన్ మీద పడి, తెలియకుండానే దాన్ని నొక్కిపట్టింది. అదే క్షణాన బట్ట పద్నాలుగో బటన్‌ను నొక్కింది.

నేను పద్నాలుగు దగ్గర వెనక్కి తిరిగాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. కాసేపు విన్నది. బట్ట పక్కన పెట్టి, తొడ మీద మూడూ నాలుగూ వేసింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా మొదటి మాట నుంచి చివరి మాట దాకా పెదవులతో పాటంతా పాడింది. నేను ఎక్కడా తప్పలేదు. ఆమె అసలే తప్పలేదు.

మొగిలి లోపలికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ పాటకు సరిపడే దరువు మొదటినుంచీ నాలోనే ఉందని ఆయనకు తెలిసిపోయింది, ముఖమే చెప్పింది. ఆయన కళ్లు, ఎప్పటిలాగే, నా మీదే ఉన్నాయి.

"నేను తప్పలేదయ్యా," అంది స్వరూప. "ఆపకు. ఇంకొక్కసారి."

నా దరువు చప్పుడులో ఆ గుసగుస గుమ్మం దాకా పోలేదు. ఆ తాళం వినలేక ఆయన గబగబా వచ్చి ప్లగ్ పీకేశాడు.

మార్చిన పొడవు నాకు గుర్తుండాలంటే ఇంకో బటన్ నొక్కాలి, దాన్ని ఎవరూ నొక్కలేదు. కొత్తవాళ్లింట్లో నన్ను వెలిగించినప్పుడు మళ్లీ పదహారు తిరిగాను.