పిల్ల పెరిగింది, మానిక పెరగలేదు

జొన్నలు విసురుతుంటే ఈ వారం కూడా పిండి చాలదని అండాలుకు అర్థమైంది. బిడ్డ బిక్షమ్మ ఇంకో రొట్టె అడగకముందే తన వంతు దాని వైపు జరపడం ఆమెకు అలవాటైపోయింది. తనకు ఆకలి లేదని అబద్ధమాడటం కూడా ఇంటిచాకిరీలో భాగమే, దానికి కూలి ఎవరిస్తారు?

మొగుడు బీరప్పతో తెగదెంపులైన నాడు బిక్షమ్మ చంకబిడ్డ. సర్కారు కచేరీకి పోవాలంటే ఉర్దూ రావాలి, వకీలుకు రూపాయలు పోయాలి. కురుమలకు కులపెద్ద అరుగే కచేరీ. బిడ్డ కడుపుకు వారానికి మానెడు జొన్నలివ్వాలని ఆ అరుగు మీదే తీర్పు చెప్పారు. ఇప్పటికీ అదే మానెడు.

గింజలు కొలిచే ఆ మానికను చూస్తే ఆమెకు కోపం రావాలి. పాడు మనసు, పాత రోజుల మీదికే పోతుంది. కొత్త కాపురంలో కల్లం దగ్గర బీరప్ప గింజలు మానిక అంచుల మీంచి జారేటట్టు పోసేవాడు. "నీ ఒడిల పడ్డయి లెక్కకు రావే" అని నవ్వేవాడు. ఎంత బాగుండేదో ఆ నవ్వు! దానికి మురిసే ఆమె గొర్ల దొడ్లు ఊడ్చింది, ఉన్ని వడికింది. ఇప్పుడు అతను గింజ నిలవకుండా మానిక అంచును అరచేత్తో గీసి మరీ ఇస్తాడు.

పెంచమని ఆమె పంచాయితీ పెడితే, అసలు తీసెయ్యమని అతను ఎదురు తిరిగాడు.

"రెండో ఇంట్ల ఇద్దరు పిల్లలాయె పెద్దయ్యా. ఇది పెద్దగైంది. దొర గడిల పనికి పెడితె దాని బువ్వ అదే తింటది."

కోటలాంటి ఆ గడి మాట వినగానే అండాలు ప్రాణం విలవిల్లాడింది. అక్కడ పనికి కుదిరిన ఆడపిల్లలు మళ్లీ మునుపటిలా నవ్వడం ఆమె చూడలేదు.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అన్నాడు కులపెద్ద భీమయ్య అండాలుతో.

"చంకబిడ్డకు కొలిచిండ్రు. గిప్పుడు నిలవడ్డ పిల్లను సూసి కొలువుండ్రి. నా పాలు, నా చాకిరి మీరెన్నడు కొలవలే, నేను అడగలే. పిల్లను మాత్రం గడికి పంప."

"రెండో ఇల్లు గూడ సూడాలె గదా" అని భీమయ్య నసిగాడు.

గోడ పక్కనుంచి చంటిబిడ్డతో బీరప్ప రెండో భార్య గుర్వమ్మ ముందుకొచ్చింది. ఇక అంతా అయిపోయిందనుకుంది అండాలు.

"పెంచుండ్రి పెద్దయ్యా" అంది గుర్వమ్మ.

"నోర్ముయ్!" అని బీరప్ప లేచాడు.

గుర్వమ్మ అతని వైపు చూడనే లేదు. "రేపు నన్ను ఎల్లగొట్టిననాడు నా బిడ్డకు గూడ గీ కొలతే గదా."