తొమ్మిది ప్రశ్నల తర్వాత

ఆ ఊళ్ళో ఇల్లు కొనడమంటే గంట పని. బ్రోకరు వెంట గదులన్నీ తిరగడం, ఇంటిని తొమ్మిది ప్రశ్నలు అడగడం, వంటింటి బల్ల మీద సంతకం పెట్టడం. భర్తతో ఇల్లు కొనడానికొచ్చిన, దర్జీ పనిచేసే ఆమెకి మాత్రం తెల్లారినప్పటి నుంచీ గుండెలు పీచుపీచుమంటూనే ఉన్నాయి. ఆమె పుట్టిపెరిగిన దేశంలో మనసు మార్చుకోవడానికి పది రోజుల గడువుంటుంది. ఇక్కడ సంతకం పడిందంటే పడినట్టే.

వాళ్ళ దేశంలో కొనేవాళ్ళు ఇంటిని లోపాల గురించి అడగరు. అడిగితే అమ్మేవాళ్ళని నమ్మనట్టే. కాపురమున్నవాళ్ళు మాత్రం రోజూ పొద్దున్నే గోడమీద చెయ్యేసి ఇంటిని పలకరిస్తారు. ఇక్కడంతా తలకిందులు. కొనేరోజు నిలదీస్తారు, ఆ తర్వాత ఇంటితో మాటే ఉండదు.

బ్రోకరు కాగితం చూసి చదివాడు. "కప్పు కారుతుందా?"

"కారదు," అంది ఇల్లు.

"చెదలున్నాయా?"

"లేవు."

తొమ్మిదీ అయ్యాయి. ఇల్లు అబద్ధమాడదని అందరికీ తెలుసు. ఆమె భర్త, బస్సు డ్రైవరు, కలం మూత తీశాడు. ఇల్లు అమ్మే పెద్దావిడ ఇరవై రెండేళ్ళుగా అందులోనే పిల్లలకి వయొలిన్ నేర్పింది. మేడమీద మంచం పట్టిన అక్కకి వినపడేలా "అయిపోయిందక్కా!" అని కేకేసింది. కొనేవాళ్ళ ఆరేళ్ళ కూతురు వెనకగది తనదేనని తేల్చేసి, అక్కడ నేలమీద బొమ్మలు పరుచుకుంది.

ప్రతి జవాబుకీ ముందు ఇల్లు ఊపిరి బిగబట్టడం దర్జీ ఒక్కతే గమనించింది.

"ఏవండీ, నాకు భయంగా ఉంది."

"నీకు లిఫ్టన్నా భయమేగా," అన్నాడు భర్త.

ఆమె అలవాటు కొద్దీ గోడమీద చెయ్యేసింది. "ఎలా ఉన్నావమ్మా?"

బ్రోకరు నవ్వాడు. "ఆ ప్రశ్న కాగితంలో లేదండీ."

ఆమె అరచేతి కింద గోడ సన్నగా వణికింది.

"నన్నెవరూ ఈ మాట అడగలేదు," అంది ఇల్లు. "అలిసిపోయానమ్మా. ఆ తొమ్మిదిలో దూలం మాటే లేదు. వెనకగది దూలం విరిగి నాలుగేళ్ళయింది. కూలకుండా పట్టుకునే ఉన్నాను."

ఆమె వెనకగది వైపు చూసింది. "ఇంకెంతసేపు పట్టుకోగలవు?"

"ఈ వానాకాలం గడిపేద్దామనుకున్నాను. నువ్వు అడిగేసరికి ఇక నావల్ల కావడం లేదు."

ఆమె వెనకగదిలోకి పరిగెత్తి, బొమ్మలక్కడే వదిలేసి పాపని చంకనేసుకుంది. భర్త మేడెక్కి మంచంమీది ముసలామెని వీపుమీద మోసుకొచ్చాడు. బ్రోకరు అందరికంటే ముందే రోడ్డుమీదున్నాడు. పెద్దావిడ గుమ్మంలో ఆగిపోయింది.

"ఇన్నేళ్ళలో నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా," అంది ఇల్లు. అందులో నిష్ఠూరమేమీ లేదు.

పెద్దావిడ తలుపుని ఒకసారి నిమిరి బయటికొచ్చింది. అందరూ రోడ్డుకి అవతల నిలబడ్డారు. పాప వేళ్ళు అమ్మ మెడని వదలడం లేదు.

తెరిచిన తలుపులోంచి ఇంటి గొంతు వినపడింది, బాగా నీరసంగా. "అందరూ వచ్చేశారా?"

ఆమె వేలుపెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. భయం తీరక మళ్ళీ లెక్కపెట్టింది.

"వచ్చేశామమ్మా. ఇక వదిలెయ్."

ఇల్లు వదిలేసింది.