కుడుకల జత

ముక్కు మీద కోపం నాకు అమ్మ నుంచే వచ్చింది. బతికుంటే ఆ రోజు విమానాశ్రయంలో నాకంటే ముందు ఆమే జగడానికి దిగేది.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఐదో నెల దాటినా బిడ్డ కదలిక ఇంకా తెలియలేదు. బస్సు కుదుపులు వద్దని డాక్టరమ్మ అనడంతో, ముంబైలో ఉన్న మా ఆయన విమానం టికెట్ తీశాడు. బయలుదేరే ముందు మా పుట్టింటి ఊళ్లో, నీలం నగర్‌లో చంద్రభాగ చిన్నమ్మ నాకు ఒడిబియ్యం పోసింది. పసుపు బియ్యంలో ఒక జత కుడుకలు పెట్టి మూటగట్టింది.

"నడుమ ఎక్కడ ఇప్పకు బిడ్డా. మీ ఇంటికి పోయినంకనే," అంది.

అదే ఊళ్లోని హోట్గి రోడ్ విమానాశ్రయంలో నా సంచీ మిషన్‌లోంచి వెళ్లగానే సెక్యూరిటీ అమ్మాయి ఆపింది. మరాఠీలో అక్కను పిలిచినట్టు తాయీ అన్నా, ఆమెదీ మన తెలుగే.

"తాయీ, ఎండు కొబ్బరి నడ్వది. నూనె ఉంటది గద, నిప్పు అంటుకుంటది."

"ఒడిబియ్యం పిల్లా ఇది. బాంబు గాదు."

"నాకు ఎర్కే. మా ఇంట్ల గూడ పోస్తరు. రూల్ ఉంది, నేనేం జెయ్యాలె?"

పళ్లు కొరుకుతూ మూట విప్పి కుడుకలు ఇచ్చేశాను. సంచీ మళ్లీ మిషన్‌లోకి వెళ్లింది.

"ఇంకో జత ఉంది," అందామె.

లేదన్నాను. తెర నా వైపు తిప్పింది. బియ్యం మధ్య రెండు గుండ్రటి నీడలు కనిపించాయి. చెయ్యి పెడితే తగిలాయి. పైకి తీశాను. చిప్పలు రెండూ విడిపోకుండా ఎర్రటి బీడీ దారంతో కట్టి ఉన్నాయి.

అమ్మ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టేది. నా పెళ్లిలో ఒడి నింపినప్పుడు కుడుకలను ఇలాగే కట్టింది. ఆ ముడి ఆమెకొక్కదానికే వచ్చు. అమ్మ పోయి ఏడాదైంది. ఆ జతను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"అది గూడ ఇయ్యాలె, తాయీ." ఈసారి ఆ పిల్ల గొంతు తగ్గింది.

కడుపులో బిడ్డనే అడుగుతున్నట్టు అనిపించింది. అయినా ఇచ్చాను. ఆమె దారం విప్పబోయింది, ముడి రాలేదు. అలాగే ట్రేలో పెట్టేసింది. మూడోసారి సంచీలో బియ్యం తప్ప ఏమీ కనిపించలేదు.

సీట్లో కూర్చుని ఏడ్చాను. అమ్మ అంత దూరం నుంచి వస్తే గడప దగ్గరే ఆపేశానని ఏడ్చాను. విమానం నేల విడిచాక, బొడ్డు కింద లోపలి నుంచి చిన్నగా ఏదో తగిలింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. మళ్లీ తన్నింది, నా బిడ్డ.

అప్పుడు చూశాను. నా మణికట్టుకు ఎర్రటి బీడీ దారం కట్టి ఉంది.

ముంబైలో దిగాక మా ఆయన దాన్ని విప్పబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నడుమ ఎక్కడా విప్పకూడదు.