మావయ్య చెయ్యి కేసు

మా నాన్న, మావయ్య కలిసి వడ్రంగి షాపు నడిపేవారు. నా చిన్నప్పుడు ఒక తలుపు కొలతల దగ్గర మాటా మాటా పెరిగి, నాన్న చేతిలోని కొయ్యసుత్తితో మావయ్య ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగింది. ఆసుపత్రివాళ్లు పోలీసులకు కబురు పెట్టారు.

"ఎముక విరిగితే చిన్న గాయం కిందికి రాదమ్మా. మీ తమ్ముడు రాజీకి ఒప్పుకోవాలి, ఆపైన కోర్టూ ఒప్పుకోవాలి" అన్నాడు వకీలు అమ్మతో. అటు మొగుడు, ఇటు తమ్ముడు. అమ్మ నాన్నను తిట్టలేదు, రాజీపడమని మావయ్యను అడగలేదు.

కోర్టులో జడ్జిగారు మావయ్యను అడిగారు. "మీ బావను క్షమించారా?"

"లేదండీ, కోపం ఇంకా ఉంది. కానీ ఆయన్ని లోపలేస్తే నేను రోజూ ఎవరితో పోట్లాడాలి?"

జడ్జిగారు నవ్వు ఆపుకుని రాజీకి అనుమతి ఇచ్చారు. బయటికి రాగానే నాన్న మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.

"లే బావా. ఒంటిచేత్తో నిన్ను లేపడం నా వల్ల కాదు" అన్నాడు మావయ్య.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఎక్కడైనా రంపపు పొట్టు వాసన తగిలితే, పొద్దస్తమానం కీచులాడుకుంటూ వాళ్లు తలుపులు బిగించిన ఆ రోజులు గుర్తొచ్చి అక్కడే కాసేపు నిలబడిపోతాను.